ఎగువ వాగులో గౌరమ్మ

ఎల్డర్‌డేల్ లోయ, ఇంగ్లండ్
జూలై 8

సుశీల వదినకు, ఆండాలు క్షేమం.

చేరాను. విమానం గాలిలో ఉన్నంతసేపూ నీ మురుకుల డబ్బా నా ఒళ్లోనే ఉంది. మురుకులు విరిగాయి, నేను విరగలేదు. ఫోన్ చేస్తే పోయేదిగా అని నువ్వు గొణగడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది. నీ ఫోను దుకాణం గల్లా పక్కన స్పీకరు మీద మాట్లాడే ఫోను. దబీర్‌పురా స్టేషన్లో రైలు దిగిన ప్రతివాడూ ఉప్పు పొట్లం కొంటూ మన రహస్యం వింటాడు. అందుకే ఉత్తరాలు అనుకున్నాం, మాట మీద ఉందాం.

నువ్వు అప్పజెప్పిన పని మరిచిపోలేదు. మన మనవరాలు తనూజకు మెల్లగా నచ్చజెప్పి కార్తీక పున్నమికల్లా హైదరాబాదుకు తీసుకురావాలి. నా కొడుకూ నీ కూతురూ "దాని ఇష్టం" అని చేతులు దులుపుకున్నారు. ఇక వియ్యపురాళ్లం మనమే గూఢచారులం కావలసి వచ్చింది. ముప్పై ఏళ్లు భూగోళం పాఠం చెప్పి, ఇంగ్లండు పటాన్ని నల్లబల్ల మీద కళ్లు మూసుకుని గీసిన దాన్ని, తీరా ఆ దేశంలో అడుగుపెట్టింది మనవరాలి మీద నిఘా వేయడానికి!

లోయ గురించి రెండు ముక్కలు. రెండు కొండల నడుమ మూడు జలాశయాలు, ఒకదాని కింద ఒకటి, మెట్ల మీద బిందెలు దించినట్టు. పైది నిండితే మధ్య దానిలోకి, అక్కడి నుంచి కింది దానిలోకి. ఇక్కడొక వింత ఉంది. పూర్వం నుంచి జనం నడిచిన బాట ఎవరి పొలంలోంచి పోయినా ఆ ఆసామి ఆపడానికి వీల్లేదు. గేటు తీసుకుని వెళ్లి, మళ్లీ వేసి పోవడమే. మాదన్నపేటలో మా పక్కింటివాడు జానెడు గోడ కోసం కోర్టుకెక్కిన సంగతి నీకు తెలుసుగా. నేను మొదటి రోజు గేటు ముందు నిలబడి "లోపల ఎవరండీ?" అని పిలిచాను. ఒక గొర్రె వచ్చింది.

తనూజది ఈ లోయ బాగోగులు చూసే సంఘంలో ఏడాది ఉద్యోగం. బాటలు, గేట్లు, వాగులు దాని పూచీ. అన్నిటికన్నా పెద్ద పని ఒక మొక్కను పీకించడం. గులాబి రంగు, చిలక ముక్కులా వంగిన పువ్వు. ఎప్పుడో ఎవరో దొర మన హిమాలయాల నుంచి తోటలో అందానికి తెచ్చుకున్నాడట. అది తోట దాటి వాగులన్నీ ఆక్రమించింది. మన దేశం వాళ్లు వీళ్ల మీద తీర్చుకున్న కక్ష ఇదొక్కటే అనుకుంటాను. అక్టోబరు ఆఖరున కమిటీ కూర్చుని తనూజను ఉంచుకోవాలో పంపాలో తేలుస్తుంది. ఈలోగా మన పని కానిస్తాను.

నీ వదిన,
ఆండాలు

*

దబీర్‌పురా, హైదరాబాద్
జూలై 25

ఆండాలు వదినకు సుశీల రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్టాయన గల్లీ మొదట్ల నుంచే "అమ్మా, ఇంగ్లండ్ కెల్లి వచ్చింది" అని ఒర్రుకుంట వచ్చిండు. నీ రహస్యం గట్లుంది.

బోనాలు మంచిగైనయ్. ఈసారి నువ్వు లేవు గద, మా ఇంటి బోనంల ఉప్పు ఎక్కువైందని చెప్పెటోళ్లు లేక అందరు కమ్మగ తిన్నరు.

పిల్ల ఎట్లుంది అని నేను అడిగితె గొర్రె ముచ్చట రాస్తవా? చిక్కిందా? పొద్దుగాల ఏం తింటుంది? మా తమ్ముని కొడుకు శ్రవణ్‌కుమార్ ఈడ చెరువుల ఆఫీసుల మాట్లాడిండు. పిల్ల సదువుకు సరిపోయే కొలువే. పున్నమి దాంక ఆగుతమన్నరట. గండిపేట ఉండంగ, హిమాయత్‌సాగర్ ఉండంగ, గా పరాయోళ్ల చెరువులకు కావలి కాసుడేంది వదినా? దాన్ని మూడేండ్లప్పటి సంది పెంచింది నేను. బడి ఇడిస్తే నా దుకాణానికే వచ్చేది. గిప్పుడు గేట్లు పెడుతుందట, తీస్తుందట!

నువ్వు పంతులమ్మవు. పిల్లలకు ఇష్టం లేనిది నేర్పుడు నీకు కొత్త కాదు. మొదలుపెట్టు.

సుశీల

*

ఎల్డర్‌డేల్
ఆగస్టు 19

వదినా,

పిల్ల చిక్కలేదు. పొద్దున ఓట్స్ అనే గడ్డిజావ తింటోంది. నేను వచ్చాక ఉప్మా తింటోంది.

మొదలుపెట్టమన్నావు. మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి వాన వచ్చింది. రెండోసారి దానికి ఫోన్ వచ్చింది, పై జలాశయం బాట మీద చెట్టు పడిందని. మూడోసారి నేనే ఆగిపోయాను. కారణం అడగకు.

ఇక్కడ జోన్ అని నా వయసు ఆవిడే ఒకరున్నారు. బుధవారాలు ఊరివాళ్లను వెంటేసుకుని నడుస్తారు, శనివారాలు వాగులో ఆ గులాబి పూల మొక్కలు పీకిస్తారు. తనూజ సంగతి తేల్చే కమిటీలో పెద్ద కుర్చీ ఈవిడదే. నన్ను కూడా నడకకు పిలిచింది. చీర మీద రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లాను. ఫొటో పంపను, అడగకు.

"మీ నగరానికి నీళ్లు ఎక్కడివి?" అంది, మధ్య జలాశయం గట్టు మీద ఆగి.

నేను గండిపేట కథంతా చెప్పాను. మూసీ వరద, తర్వాత కట్టిన చెరువు, ఆ నీళ్లు తాగితే మళ్లీ హైదరాబాదుకే వస్తారనే మాట. ఆవిడ నవ్వింది. ఈ నీళ్లు కొండ అవతలి నగరానికి పోతాయట. ఈ లోయవాళ్లు తాగేది బోరు నీళ్లు. కళ్ల ముందు ఇంత నీరు పెట్టుకుని! నాకు ప్రశ్న మీద ప్రశ్న పుట్టింది. గట్టు రాయి ఎక్కడిది? కట్టినవాళ్లు ఎక్కడ పడుకున్నారు? అడిగి అడిగి, వానలో ఆవిడ సాక్సుల్లో నీళ్లు నిండేదాకా నిలబెట్టాను.

గురువారం బస్సెక్కి దగ్గరి ఊరు సంతకు పోయాను. మాదన్నపేట కూరగాయల మార్కెట్టులో నాలుగో వంతు లేదు. బేరం లేదు, అరుపు లేదు. చీజు అమ్మేవాడు ముక్క కోసి రుచి చూడమంటాడు. అలాంటివి ఆరు రుచి చూసి ఏమీ కొనకుండా వచ్చాను. వాడు థ్యాంక్యూ అన్నాడు. మన మార్కెట్టులో అయితే నా ఏడు తరాలు కడిగేవారు.

శనివారం వాగు దగ్గర కుర్చీ వేసుకుని తనూజ పని చూశాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తాతల వయసు వాళ్లు పదిమందిని కేకలేసి పని చేయిస్తోంది. ఇంటికొస్తూ నన్నూ వదల్లేదు.

"నానమ్మా, గా గేటు వేసినవా?"

"వేశానే."

"కొండి పడ్డదా? మల్ల పోయి చూసి రా."

పోయి చూశాను. కొండి పడలేదు. వదినా, ముప్పై ఏళ్లలో నన్ను ఇలా వెనక్కి పంపిన హెడ్‌మాస్టరు ఒక్కడు లేడు.

చెబుతానులే. తొందరపెట్టకు.

ఆండాలు

*

దబీర్‌పురా
సెప్టెంబరు 6

వదినా,

రెండు ఉత్తరాలు వచ్చినయ్. గొర్రెలు, గేట్లు, చీజు. నువ్వు గూఢచారివి కాదు, టూరిస్టువి. మూడోసారి నేనే ఆగిపోయిన అని రాసినవ్ చూడు, గాడ నాకు అనుమానమొచ్చింది. నువ్వు పిల్ల దిక్కు తిరిగినవా ఏంది? నిజం రాయి.

శ్రవణ్‌కుమార్ రోజు అడుగుతుండు. అత్తమ్మా, పేరు రాయించాల్నా వద్దా అని. రాయించమన్న. నేనే హా చెప్పిన. ఇగ నువ్వు పిల్లకు చెప్పకపోతె నా మాట పోతది.

ఇంగో ముచ్చట. బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. ప్రతి ఏడు మనిద్దరం నీ వాకిట్ల కూసొని, నాది పెద్దది, నీది వంకరున్నది అని లొల్లి పెట్టుకునేటోళ్లం. ఈసారి నేనొక్కదాన్నే. నువ్వు గాడ బతుకమ్మ పేర్చకుంట ఉంటవని నేను నమ్మ. గాని విను, పేరిస్తె మాత్రం బకెట్ల ముంచకు. మా ఫ్లాట్లల్ల గిట్లనే చేస్తుండ్రు, చూస్తె కడుపు మండుతది. గౌరమ్మ ఆడపిల్ల, పారే నీళ్లల్ల సాగనంపాలె. మూడు చెరువులున్నయని గొప్పలు రాసినవ్ గద, ఎందుకున్నయ్ మల్ల?

సుశీల

*

ఎల్డర్‌డేల్
అక్టోబరు 1

వదినా,

బకెట్‌లో ముంచలేదు. ఇక నీ నోటికి తాళం వేసుకో.

నిన్న సద్దుల బతుకమ్మ. తనూజ ఏదో శిక్షణ అని రెండు రోజులు షెఫీల్డు పోయింది. ఒక్కదాన్నే ఉన్నాను. పూలకు బయల్దేరితే ఈ దేశంలో తంగేడు ఏది, గునుగు ఏది? అంగట్లో బంతిపూలు కుండీలో ఉంటాయి, తెంపితే నేరంలా చూస్తారు. ఇంటికొచ్చి పెరటి షెడ్డు తెరిస్తే అక్కడున్నాయి పూలు, సంచుల నిండా! మొన్న కింది వాగు నుంచి కోసుకొచ్చిన ఆ హిమాలయం పూల తలలు. తీసుకుపోయే బండి ఇంకా రాలేదు. గులాబి రంగు ఇంకా వాడలేదు.

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆలోచించు, మన గునుగు మాత్రం ఏమిటి? చేలగట్ల మీద ఎవరూ నాటని గడ్డి. ఏడాదంతా పీకి పారేసేదాన్ని పండుగ రోజు పళ్లెంలో పేర్చి తల్లీ అంటాం. ఇది కూడా పీకి పారేసిందే. పైగా మన దేశం పిల్ల. ఒక సంచి ఖాళీ చేశాను. తొమ్మిది వరుసలు పేర్చాను, వంకర లేకుండా. పైన పసుపు గౌరమ్మ. నువ్వు చూసి కుళ్లుకోవలసినంత బాగా వచ్చింది.

జోన్ దగ్గర సామాను తెచ్చుకునే చక్రాల సంచి అడిగి తెచ్చుకుని, అందులో పళ్లెం నిలబెట్టి, బాట వెంట పై జలాశయం దాకా లాక్కెళ్లాను. గేటు దగ్గర చిక్కు వచ్చింది. గొర్రెలు దూరకుండా ఇరుకుగా కట్టిన ఆ గేట్లో ఒక మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటేనే పడతాడు, గౌరమ్మ పట్టదు. గోడ మీదుగా అవతలికి దించి, నేను గేట్లోంచి దూరి వెళ్లి అందుకున్నాను. జలాశయం కాదు, దానిలోకి దిగే ఎగువ వాగు దగ్గర ఆపాను. పారే నీళ్లన్నావుగా. పాట నాదే, చప్పట్లూ నావే, చుట్టూ గొర్రెలు. వాటికి బెల్లం మలీద ముద్దలు పెట్టాను, తినలేదు. సాగనంపాను. తిరుగుతూ తిరుగుతూ పోయింది, వదినా. ఏడుపు రాలేదు గానీ ముక్కు కారింది. చలి.

అక్టోబరు 4, అదే ఉత్తరం

పోస్టు చేయక మంచిదైంది. పైన రాసింది చదివి సంతోషించి ఉంటావు, ఇప్పుడు ఇది చదువు.

నిన్న నీళ్ల కాపలాదారు పై జలాశయం జాలీకి ఆ పూలు పట్టుకోవడం చూశాడు. కాయలతో సహా. ఆ కాయ ముట్టుకుంటే పగిలి గింజలు చిమ్ముతుందట. ఒక్కో మొక్కకు వందల గింజలు, నీళ్ల వెంట కొట్టుకుపోయి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. అందుకే ఆ తలలను అంత జాగ్రత్తగా సంచుల్లో కట్టారు. నేను పారేయడానికి అనుకున్నాను. ఎగువ వాగును శుభ్రం చేయడానికి జోన్ మనుషులకు నాలుగు వేసవులు పట్టిందట. నేను ఒక సాయంత్రంలో మళ్లీ విత్తాను.

తనూజ షెడ్డు చూసింది, ఖాళీ సంచి దొరికింది. "నేను తాళం వెయ్యలే నానమ్మా. ఎవడో తీసి కుమ్మరించిండు. తప్పు నాదే" అంది. సంచులు దాని పూచీ. నేను పక్కనే చారు కలుపుతున్నాను. నోరు తెరవలేదు.

ఊరి హాలు గోడ మీద కాగితం అంటించారు. వచ్చే కమిటీలో మొదటి మాట ఇదే. జోన్ నిన్న మా గుమ్మం ముందు నుంచి తలెత్తకుండా పోయింది.

ఇప్పుడు ఆలోచించు వదినా. నేను ఊరుకుంటే నీ పని జరిగిపోతుంది. వాళ్లే దాన్ని పంపేస్తారు. పున్నమికి నీ దుకాణంలో ఉంటుంది, నేను వచ్చిన పని ఒక్క మాట ఆడకుండా పూర్తవుతుంది. కమిటీ ఇరవై రెండున. ఏం చెయ్యమంటావు?

ఆండాలు

*

దబీర్‌పురా
అక్టోబరు 14

వదినా,

నోరు మూసుకో. చారు కలుపుకుంట ఉండు. నువ్వు చెయ్యలేని పని గౌరమ్మే చేసింది. పిల్లకు రెండు రోజులు బాధైతది, ఇంటికొచ్చి నా చేతి పప్పుచారు తింటె అన్ని మరుస్తది. గంతే.

అక్టోబరు 15

నిన్న రాసింది చింపలే. చదువుకో, నేనెట్లాంటి దాన్నో తెలుస్తది.

పొద్దుగాల శ్రవణ్‌కుమార్‌తోని గా చెరువుల ఆఫీసుకు పోయిన. మా పిల్ల వస్తుందని నేనే చెప్తనని జిద్దు చేసిన. పెద్దసారు మంచోడు, చాయ్ తెప్పిచ్చిండు. "ఇగో అమ్మా, మీ మనవరాలి సీటు" అని చూపిచ్చిండు. మంచి కుర్చీ, కంప్యూటరు, ఏసీ. ఎదురుంగ గోడకు చెరువుల పటం, గుండుసూదులు గుచ్చి.

"చెరువుకాడికి ఎన్నడెన్నడు పోతది సారూ?" అన్న.

"పోవుడు అక్కర లేదమ్మా. ఫొటోలు గీడికే వస్తయ్. ఎండల తిరిగే పనే ఉండదు."

శ్రవణ్‌కుమార్ నా దిక్కు సంబురంగ చూసిండు. నేను గా కుర్చీ దిక్కు చూసిన. వదినా, దాన్ని నా గద్దె మీద కూసోబెట్టి పెంచిన అని అందరికి చెప్త గాని, అది ఎన్నడు కూసున్నది? నాలాల దిగి కప్పపిల్లల్ని తెచ్చి నా కందిపప్పు డబ్బాల నీళ్లు పోసి పెంచింది. కిలో పప్పు అడిగినామెకు కప్పలు జోకబోయిన. గసుంటి దాన్ని తెచ్చి, పటంల చెరువులు చూసుకుంట బతుకమంటనా?

నోరు తెరువు. డెబ్బయి ఏండ్ల సంది అక్కరలేని కాడ తెరిచినవ్, అక్కరున్న కాడ ఒక్కసారి తెరువు. గీ ఉత్తరం టైముకు అందాలె తల్లీ.

సుశీల

*

ఎల్డర్‌డేల్
అక్టోబరు 25

వదినా,

అందలేదు. ఈ పొద్దున వచ్చింది. కమిటీ బుధవారమే అయిపోయింది.

నీ సలహా కోసం ఆగలేదు. ఆగితే నువ్వు మొదటి రోజు రాసిందే రాస్తావని తెలుసు, రెండో రోజు రాసింది కూడా రాస్తావని తెలియదు. నిన్ను తక్కువ అంచనా వేశాను. ఈ ముక్క ఎవరికీ చూపించకు.

ఊరి హాల్లో ముప్పైమంది దాకా వచ్చారు. తనూజ లేచి తప్పు తనదేనని మొదలుపెట్టింది. నేను వెనక బెంచీ నుంచి చెయ్యెత్తాను. ఎత్తాక తెలిసింది, బడిలో ఎప్పుడూ ఎత్తించినదాన్నే గానీ ఎత్తినదాన్ని కాదని. సంచి నేను విప్పానని చెప్పాను. మా దగ్గర ఎవరూ నాటని పూలను పేర్చి దేవతను చేసి నీళ్లకు ఇస్తామని, నేనూ అదే చేశానని చెప్పాను. తెలియక చేశాను, తెలిశాక మూడు వారాలు మాట్లాడకుండా ఉన్నాను, రెండోది పెద్ద తప్పు అన్నాను.

జోన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "గింజలు రెండేళ్లు బతుకుతాయి. వసంతంలో మొలకలు వస్తాయి. వాటిని ఎవరు పీకుతారు?" అంది.

"నేను" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

తనూజను వచ్చే ఏడాది ఆఖరుదాకా ఉంచారు. ఎగువ వాగు మళ్లీ శుభ్రమైతే ఆ పైన కూడా. కాకపోతే లేదు. సంచులకు తాళం వేయనందుకు దాన్ని అందరి ముందూ మందలించారు. అది తల వంచుకుని విన్నది. ఆ పది నిమిషాలు నేను ఎక్కడ చూశానో అడగకు.

అసలు కమిటీ ఇంటికొచ్చాక కూర్చుంది. నేను వచ్చిన పని కూడా దానికి చెప్పేశాను. సగం చెప్పి సగం దాచడం ఇక నా వల్ల కాలేదు.

"అమ్మమ్మ గుడ ఉన్నదా ఇందుల?"

"ఉంది."

"అంటె నన్ను ఎల్లగొట్టించెటందుకు కావాలనే వాగుల ఏసినవా?"

"కాదే."

"ఎట్ల నమ్మాలె?"

వదినా, దాని చోట నేనున్నా నమ్మను. ఆ రాత్రీ మర్నాడూ అది నా వంట ముట్టకుండా ఆ ఓట్స్ గడ్డిజావే తింది.

నిన్న పొద్దున నా మంచం పక్కన నిలబడింది. "లే. ఎక్కడ ఇడిచినవో చూపియ్యి. మొలకలు యాడికెల్లి దేవులాడాల్నో తెల్వాలె." ఇద్దరం నడిచాం. గేటు దగ్గర ఆగి, పళ్లెం ఇందులోంచి ఎలా పట్టింది అని అడిగింది. గోడ మీదుగా దించిన వైనం చెప్పాను. వాగు దగ్గర, ఎన్ని వరుసలు పేర్చావంది. తొమ్మిది అన్నాను. ఒక్కదానివే తిరిగావా అంది. గొర్రెలున్నాయి అన్నాను.

తర్వాత అంది, "కావాలని చేసెటోళ్లు సంచి తెచ్చి బోర్లిచ్చి పోతరు నానమ్మా. తొమ్మిది వరుసలు పేర్చి, గోడ దాటిచ్చి, గొర్రెలకు మలీద పెట్టరు." నేను గట్టు మీద కూర్చున్నాను. మొలక ఎలా ఉంటుందని అడిగాను.

వచ్చే నెల వస్తున్నాను. మే నెలలో మళ్లీ ఇక్కడ ఉండాలి. వాగు మైలున్నర పొడవుంది, వదినా. నాకున్నవి రెండు చేతులు.

ఆండాలు

*

దబీర్‌పురా
నవంబరు 6

వదినా,

శ్రవణ్‌కుమార్‌కు చెప్పేసిన, గా సీట్ల ఇంకెవలనన్న కూసోబెట్టుకోమని. మొకం మాడ్చుకున్నడు. మాడ్చుకోనీ.

పిల్ల నిన్న నాకు ఫోన్ చేసింది. స్పీకరు బందువెట్టి మాట్లాడిన. మస్తు తిట్టింది. నేను హూ అనుకుంట ఇన్న. ఆఖర్ల "అమ్మమ్మా, గా కప్పలు అమ్మినవా ఏంది?" అని అడిగింది. నువ్వు నా ఉత్తరం దానికి చదివినవ్ గద, ఆండాలు? ఉండు, రా ఈడికి.

పాస్‌పోర్టుకు పోయిన. కౌంటర్ల పిల్ల "ఎందుకమ్మా పోతున్నరు, మనవరాలిని చూడనికా?" అన్నది. గడ్డి పీకనికి బిడ్డా అన్న. నవ్విందిగాని ముద్ర కొట్టింది. చీర మీద రబ్బరు బూట్లు నేనైతె వేసుకోను, ముందే చెప్తున్న.

ఒక్క పని చెయ్యి. వచ్చేటప్పుడు గా మొలక ఎట్లుంటదో తనూజతోని బొమ్మ గీయించి తే. ఆకు గుండ్రగుంటదా, కోలగుంటదా? కాడ ఎర్రగుంటదా? ఈడ మాదన్నపేట మార్కెట్ల పాలకూర కట్టలల్ల ఏది గడ్డో ఏది కూరో పోల్చుడు ఇప్పటిసంది నేర్చుకుంట. గంత దూరం వచ్చి, మొలక అనుకొని వాళ్ల గడ్డి పీకి, అసలుది అట్లనే ఇడిచి వస్తె, పిల్ల నౌకరి ఈసారి నా చేతులకెల్లి పోతది.

సుశీల